గది ముందా, ప్రవేశపత్రం ముందా?



వేసవి సెలవులలో పిల్లలకు అడవిని చూపించాలనుకునే కుటుంబాలకు మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం అందుబాటులో ఉన్న చోటు. సికింద్రాబాదు నుండి కాజీపేట, బల్లార్షాల మీదుగా చంద్రపూర్ వరకు రైలుమార్గం ఉంది. అడవికి దక్షిణాన ఉన్న మొహర్లీ ద్వారం అక్కడికి దగ్గర. “అక్కడ గది ఎప్పుడు మాట్లాడుకోవాలి?” అని ఒక సోదరుడు ఇటీవల నన్ను అడిగారు. నేను చేసిన పొరపాటును చెప్పడమే ఆయనకు తగిన జవాబు.

పదవ తరగతి పరీక్షలు కాగానే పులిని చూపిస్తానని మా చిన్నమ్మాయికి కొన్నేళ్ల క్రితం మాట ఇచ్చాను. తక్కువ ధరకు వస్తున్నాయని అడవికి ఉత్తరాన ఉన్న కొలారా వైపు రెండు గదులకు సొమ్ము కట్టాను. సఫారీ సంగతి ఆ తరువాత చూస్తే, మొహర్లీ ద్వారానికి మాత్రమే ప్రవేశపత్రాలు మిగిలాయి. గదుల సొమ్ము తిరిగి రాదన్నారు. వృద్ధురాలైన అమ్మీజాన్‌ను అర్ధరాత్రి దాటాక లేపి, అడవి చుట్టూ తిరిగి వెళ్లాము. మేము చేరేసరికి వాహనాలు లోపలికి వెళ్లిపోయాయి. “పరవాలేదు అబ్బా” అన్నది అమ్మాయి. ఏడ్చి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు.

పొరపాటు వరుసలో జరిగింది. ఆ వరుస ఇలా ఉండాలి.

మొదట తేదీ. అడవి లోపలి భాగమైన కోర్ ప్రాంతం జూలై 1 నుండి సెప్టెంబరు 30 వరకు మూసి ఉంటుంది. మిగిలిన నెలలలో మంగళవారం సెలవు. ఏప్రిల్, మే నెలలలో గుంటలు ఎండిపోయి, మృగాలు మిగిలిన నీటి వద్దకు చేరుతాయి. పులి కనిపించే అవకాశం పెరుగుతుంది, రద్దీ కూడా పెరుగుతుంది. ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి గనుక వృద్ధులతో వెళ్లేవారికి శీతకాలం మేలు. మన పండుగలను కూడా చూసుకోవాలి. ఈదుల్ ఫిత్ర్ ఏ రోజో ముందురాత్రి నెలవంకతో తెలుస్తుంది, బక్రీద్ పది రోజుల ముందు తెలుస్తుంది. 2027లో బక్రీద్ మే మధ్యలో, సరిగ్గా బడి సెలవులలో రానున్నది. పండుగకు అటూ ఇటూ రెండేసి రోజులు విడిచిపెట్టండి.

రెండవది ప్రవేశపత్రం. ఒక్కో ద్వారం నుండి వెళ్లే వాహనాలకు పరిమితి ఉంది. అటవీశాఖ ఆన్‌లైన్ నమోదును ఏ రోజు తెరుస్తుందో కనుక్కొని, ఆ రోజే ప్రయత్నించండి. గుర్తింపు కార్డులో ఉన్నట్లే పేరు వ్రాయండి. కార్డులో “ఎస్.కె.” అని ఉండగా పత్రంలో “షేక్” అని వ్రాసి ద్వారం వద్ద చిక్కుపడవద్దు.

మూడవది గది. ప్రవేశపత్రం చేతికి వచ్చిన రోజే, ఆ ద్వారానికి సమీపంలోనే తీసుకోండి. వేసవి శని, ఆదివారాలకైతే మరునాటికి కూడా వాయిదా వేయవద్దు. సొమ్ము కట్టేముందు రెండు విషయాలు అడగండి: రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుంది? మనం తినదగిన భోజనం దొరుకుతుందా? ప్రవేశపత్రానికి ముందే గది తీసుకోక తప్పకపోతే, సొమ్ము తిరిగి ఇచ్చే చోటునే ఎంచుకోండి.

చివరిది రైలు. టిక్కెట్ల నమోదు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. ఆ తేదీని ముందే వ్రాసిపెట్టుకోండి.

ఆ డిసెంబరులోనే ఈ వరుస ప్రకారం మళ్లీ వెళ్లాము. మొహర్లీలో గది నుండి ద్వారానికి కొద్ది నిమిషాలే పట్టింది. ఫజ్ర్ నమాజును తొందరపడకుండా చేసుకొని, అమ్మీజాన్‌కు శాలువా కప్పి వాహనం ఎక్కించాము. తాడోబా చెరువు ఒడ్డున మొసలి కనిపించింది, బాట మీద పులి అడుగుజాడలు కనిపించాయి. పులి మాత్రం కనిపించలేదు. అయినా తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి, “మళ్లీ ఎప్పుడు అబ్బా?” అని అడిగింది.