పిల్లి కబురు చెప్పొచ్చు.. గోదారి కబురు చెప్పకూడదా?

జపాన్‌లో ఓ పిల్లి స్టేషన్ మాస్టర్ అయింది. కట్టుకథ కాదు. 2007 జనవరిలో వకాయమా ప్రాంతంలో కిషి అనే చిన్న స్టేషన్‌కు తామా అనే పిల్లిని మాస్టర్‌గా వేసుకున్నారు. నెత్తిన టోపీ పెట్టారు. జీతం కింద మేత. దాన్ని చూడ్డానికి జనం ఎగబడి రైలెక్కారు, మూతపడే దశలో ఉన్న లైను బతికి బట్టకట్టింది. 2015లో అది చచ్చిపోతే ఆ కుర్చీలో ఇంకో పిల్లిని కూర్చోబెట్టారు.

పొద్దున్నే ఎఫ్‌ఎం పెడితే వినపడేవి ఇలాంటి కబుర్లే. ఒక జాకీ చెబుతుంది, రెండోవాడు ఎదురు పంచ్ వేస్తాడు, ఒక పాట, నాలుగు ప్రకటనలు. మళ్ళీ కబురు.. ఆక్టోపస్‌కు మూడు గుండెకాయలని, 1932లో ఆస్ట్రేలియా సైన్యం ఈము పక్షుల మీద మరతుపాకులతో యుద్ధానికి పోయి తోక ముడిచిందని. నవ్వుకోవచ్చు. నవ్వొద్దని ఎవడూ అనడు. పొద్దుటి పూట బస్టాండులో నిలబడ్డ గుమాస్తాకు, టిఫిన్ బండి తోసుకునే ఆడమనిషికి ఆ కాస్త నవ్వు ఊరికే దొరకడం చిన్న సంగతేం కాదు.

మా ప్రశ్న వేరు. పెనుగొండ నుంచి ఐదువేల కిలోమీటర్ల పైనున్న పిల్లి గురించి చెప్పగలిగిన ఆ గొంతు, పెనుగొండ పక్కనున్న గోదారి గురించి ఎందుకు చెప్పదు?

చెప్పడం చేతకాక కాదు. చెప్పకూడదు గనక. ఈ దేశంలో ప్రైవేట్ ఎఫ్‌ఎంలకు వార్తలు చెప్పే హక్కు లేదు. 2005లో కేంద్రం రెండో దశ ఎఫ్‌ఎం విధానం తెచ్చినప్పుడే వార్తలు, వర్తమాన వ్యవహారాలు నిషేధమని రాసుకుంది. ఆ విధానం కిందే 2006లో హైదరాబాద్‌లో ప్రైవేట్ స్టేషన్లు వచ్చాయి, ఆ తర్వాత విజయవాడ, విశాఖ, రాజమండ్రి. 2011లో మూడో దశ విధానంలో కాస్త సడలించారు. ఏమని? ఆకాశవాణి వార్తలను అక్షరం మార్చకుండా మళ్ళీ వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, ఆటల పోటీలు, పరీక్షల ఫలితాలు చెప్పుకోవచ్చు. కరెంటు, నీళ్ళు, ప్రకృతి వైపరీత్యాల సమాచారం స్థానిక అధికారులు ఇచ్చినంత మేరకు చదవొచ్చు. ఇచ్చినంత మేరకే!

అంటే కాలువలకు నీళ్ళు ఫలానా తేదీన వదులుతామని అధికారి చెబితే జాకీ చదవొచ్చు. ఆ తేదీ దాటిపోయినా నీళ్ళు రాలేదని మాత్రం చెప్పకూడదు. మొదటిది సమాచారమట, రెండోది వార్తట. ఈ తేడా కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ అతడికంటే తామాయే నయం.

2022 జూలై సంగతి చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. పెనుగొండ పొరుగునే ఉన్న ఆచంట మండలం లంక ఊళ్ళు నీళ్ళలో చిక్కుకున్నాయి. అలాంటి రోజుల్లో మనిషికి కావలసింది ఏ రేవు నుంచి పడవ తిరుగుతోంది, ఏ గట్టు బలహీనంగా ఉంది, పాలు ఎక్కడ పంచుతున్నారు, పంచుతామని పంచనిది ఎవరు అన్నది. కరెంటు పోతే టీవీ మూగబోతుంది, టవర్ పడుకుంటే ఫోనూ అంతే. రెండు సెల్లుల రేడియో ఒక్కటే మిగులుతుంది. ఆ రేడియోకే నోరు కట్టేశారు.

అంతకుముందు 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. వేల ఎకరాలు సార్వాకు నాటకుండా వదిలేశారు. అన్నం పెట్టే డెల్టాలో రైతు పంటకు సెలవు పెట్టడం కన్నా వింత వార్త ఇంకేముంది? పొద్దుటి కబుర్లకు ఇంతకంటే ముడిసరుకు దొరుకుతుందా? కానీ రైతు సెలవెందుకు పెట్టాడన్న రెండో వాక్యం పలికితే, గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, పూడిపోయిన మురుగు కాలువలు.. అన్నీ వరసగా వస్తాయి. అది వర్తమాన వ్యవహారం. కాబట్టి ఈము పక్షులే శరణ్యం.

గోదావరి జిల్లాలు మరి ఏ రూపంలో ఈ కబుర్లలోకి వస్తాయి? తిండి రూపంలో. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వండి పెట్టారని దేశమంతా చెప్పుకుంది. ఏటా పులస చేప పలికిన ధర, కోడిపందాల బరి, పూతరేకులు. ఇక మిగిలింది 'ఆయ్'. గోదారి మనిషి అనగానే సాగదీసి 'ఆయ్.. అండీ' అనిపించాలి, నవ్వించాలి. ఆ మాట వెనక ఉన్న మర్యాద గానీ, వెటకారంలో ఉన్న పదును గానీ ఎవడికీ పట్టదు. యాస అంటే హాస్యపాత్రకు తగిలించే తోక అన్న బుద్ధి ఎక్కడిదో ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సినిమాల్లో మన యాసను విలన్‌కూ జోకర్‌కూ అంటగట్టినందుకు ఎంత మండిపడ్డామో గుర్తుంది కదా. అదే కొలత పెనుగొండకూ వర్తిస్తుంది. మన మాట మీద నవ్వితే అవమానం, పక్కోడి మాట మీద నవ్వితే వినోదం అంటే కుదరదు.

యాస తక్కువది కాదని, హాస్యం వార్తకు శత్రువు కాదని తేలిపోయి చాలా కాలమైంది. వీ6 టీవీలో తీన్మార్ వార్తలు వచ్చినప్పుడు సావిత్రి, బిత్తిరి సత్తి చేసిందేమిటి? పొద్దుటి రేడియోలో ఇద్దరు జాకీలు చేసేదే.. ఒకరు చెప్పడం, ఒకరు గోకడం. కాకపోతే వాళ్ళ చేతిలో వార్త ఉంది. రేషన్ షాపు, గుంతల రోడ్డు, మంత్రి మాట అన్నీ ఆ ముచ్చట్లో దొర్లాయి. జనం ఎగబడి చూశారు. టీవీకి చెల్లినది రేడియోకు చెల్లదా?

అంతకుముందు ఆకాశవాణి హైదరాబాద్ కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు చేసిందీ ఈ కబుర్లాటే. పాత తరం ఉద్యోగుల్ని అడిగితే వాళ్ళ గొంతులు అనుకరించి మరీ చెబుతారు. సర్కారు రేడియోకు ఎన్ని సంకెళ్ళున్నా వాళ్ళు మాట్లాడింది మన బతుకు గురించి.

పెనుగొండ పొరుగునే మార్టేరు ఉంది. అక్కడి వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ.. ఎంటీయూ 7029.. దేశంలో ఎక్కువగా సాగైన వరి వంగడాల్లో ఒకటి. దానికే ముంపును తట్టుకునే జన్యువు చేర్చి స్వర్ణ సబ్1గా 2009లో మన దేశంలో విడుదల చేశారు. నీళ్ళలో రెండు వారాలు మునిగినా లేచి నిలబడే వరి! జపాన్ పిల్లికి ఇది ఏ రకంగా తీసిపోయింది? ఇది వార్త కూడా కాదు, నిషేధం అడ్డు రాదు. ఇక్కడ మాత్రం తప్పు ఢిల్లీది కాదు, ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు ముక్కను తెలుగులోకి దింపి చదివే స్టూడియోది. మార్టేరు పోవడానికి బస్సు టికెట్ కావాలి, పిల్లి కబురుకు అదీ అక్కర్లేదు. ప్రాంక్ కాల్స్ సరేసరి. నవ్వు పుట్టించడానికి ఎవడో డ్రైవర్‌నో, కొత్తగా చేరిన చిరుద్యోగినో బెదరగొట్టడం. 2012 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా రేడియో జాకీలు లండన్ ఆస్పత్రికి అలాగే దొంగ ఫోన్ చేశారు. ఆ ఫోన్ ఎత్తిన నర్సు కన్నడ దేశం నుంచి పొట్టకూటికి పోయిన తల్లి. రోజుల్లోనే ప్రాణం తీసుకుంది. పెద్దోళ్ళను ప్రశ్నించే వీల్లేని మైకు చిన్నోళ్ళ మీద పడుతుంది.

నిషేధం ప్రైవేట్ కంపెనీలకే కాదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో దళిత మహిళలు సంఘం రేడియో పెట్టుకున్నారు. విత్తనం, వంట, పాట.. అన్నీ వాళ్ళ మాటలోనే. వాళ్ళూ వార్తలు చెప్పకూడదు. దేశ భద్రతకు ముప్పట! ఇన్ని స్టేషన్ల మీద నిఘా పెట్టలేమని, దుర్వినియోగం కావొచ్చని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించింది. కామన్ కాజ్ సంస్థ 2013లో వేసిన వ్యాజ్యం అది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని అదే కోర్టు 1995లోనే చెప్పింది. వందల న్యూస్ ఛానెళ్ళు, అరచేతిలో వాట్సాప్.. వీటి వల్ల రాని ముప్పు జొన్నల గురించి మాట్లాడే అవ్వ వల్ల వస్తుందా?

2023 సెప్టెంబర్‌లో ట్రాయ్ ఒక మంచి మాట చెప్పింది. ప్రైవేట్ ఎఫ్‌ఎంలను గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పనివ్వండని సిఫారసు చేసింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఛానెళ్ళ వేలానికి ఒప్పుకుంది. కనీస ధర 784.87 కోట్లు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో భీమవరం ఉంది. 2022లో పశ్చిమ గోదావరికి జిల్లా కేంద్రమైంది, పెనుగొండకు దగ్గరిదీ అదే. ఈ ఛానెళ్ళతో స్థానిక యాసకూ సంస్కృతికీ ఊతం దొరుకుతుందని ప్రకటనలో రాశారు. యాసకు ఊతమట! యాసలో ఏం మాట్లాడాలో మాత్రం రాయలేదు. పది నిమిషాల ఊసు ఆ ప్రకటనలో లేదు.

పెనుగొండ నరసాపురం లోక్‌సభ సీటు కింద వస్తుంది. ట్రాయ్ సిఫారసు చేసిన పది నిమిషాలు ఏ బల్ల మీద ఉన్నాయి, ఎప్పుడిస్తారు అని పార్లమెంటులో ఒక్క ప్రశ్న వేయడానికి ఖర్చేం కాదు. ఏ పార్టీ ఎంపీ అయినా సరే, ఆ ప్రశ్న వేసి, వచ్చిన జవాబు కాగితం తెచ్చి పెనుగొండ సెంటర్లో చదివి వినిపించాలి.