ధర వేరు, బ్రతుకు ఖర్చు వేరు

దూరపు కొండలు నునుపు అన్న సామెత పుట్టిన నాటికి టెలివిజన్ లేదు. ఉండి ఉంటే కొండ నునుపుతో పాటు, దాని మీద ఇంటి బాడుగ ఎంతో, పాలు ఎంతో, కోడిగుడ్లు ఎంతో కూడా చెప్పి మరీ చూపించేవారు. ఇంగ్లండులో ఇరవై ఏళ్ళుగా జరుగుతున్నది ఇదే. మన పిల్లలు సీమకు పోవాలని కలలు కంటుంటే, సీమవారు ఆ చలీ వానా భరించలేక మరొక చోటికి పోవాలని కలలు కంటున్నారు. ఆ కలకు అయ్యే ఖర్చును అక్కడి టెలివిజన్ లెక్క కట్టి చూపిస్తుంది. ఆ లెక్కలో నిజమెంత? పిల్లలను దూరదేశాలకు పంపే ఇళ్ళు మనలోనూ ఉన్నవి కనుక, ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

‘వాంటెడ్ డౌన్ అండర్’ అని బి.బి.సి. వారి కార్యక్రమం ఒకటి 2007లో మొదలై పదేళ్ళకు పైగా సాగింది. దాని పద్ధతి ఇది. ఒక బ్రిటిష్ కుటుంబాన్ని వారం రోజులకు ఆస్ట్రేలియాకో న్యూజిలాండుకో తీసుకుపోతారు. అమ్మకానికి ఉన్న ఇళ్ళు చూపిస్తారు. ఆ ఇంటాయనకూ ఇంటావిడకూ అక్కడ ఏ ఉద్యోగం దొరుకుతుందో, జీతం ఏమాత్రమో విచారిస్తారు. ఇంటి సామాను ధరలు అక్కడివీ ఇక్కడివీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఊళ్ళో మిగిలిపోయిన అమ్మా నాన్నల మాటలు రికార్డు చేసి వినిపిస్తారు. అప్పుడు అందరి కళ్ళూ చెమరుస్తాయి. చివరకు పోదామా, ఉందామా అని ఇంటిల్లిపాదీ చీటీలు ఎత్తి చూపాలి.

న్యాయంగా చెప్పాలంటే ఆ కార్యక్రమంలో అబద్ధం తక్కువ. ఆస్ట్రేలియాలో అన్నీ చౌక అని వారు మభ్యపెట్టలేదు. ఇంగ్లండు కన్నా ఏవి ప్రియమో అవీ చెప్పారు. ఇంటి జమాఖర్చు వేసి మిగిలేది చూపారు. మరి లోటు ఎక్కడ ఉన్నది? వారం రోజుల్లో ఉన్నది. వారంలో తెలిసేది ధర మాత్రమే. బ్రతుకు ఖర్చు తెలియడానికి కనీసం రెండేళ్ళు కావాలి.

ఈ భేదం మన కే.వి.కుప్పం మేకల సంతకు పోయే వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మేక ధర సంతలో తేలిపోతుంది. దాన్ని ఇంటికి చేర్చే బండి కూలి, కట్టేసే కొట్టం, ఎండాకాలంలో మేత, జబ్బు చేస్తే మందు — ఇవేవీ సంతలో కనబడవు. అలాగే వేలూరు ఆసుపత్రికి వైద్యానికి వచ్చే పరాయి రాష్ట్రాల కుటుంబాలను చూడండి. లాడ్జి గది బాడుగ తెలుసుకునే వస్తారు. వారమనుకున్నది నెల అయ్యేసరికి హోటలు భోజనం మాని, గిన్నెలు సమకూర్చుకుని గదిలోనే గంజి కాచుకుంటారు. గది బాడుగ మొదట చెప్పినదే. మారినది రోజుల సంఖ్య.

వలసపోయే వారికి చౌక దారి చూపడం టెలివిజన్‌తో మొదలైనది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రేలియా ప్రభుత్వం బ్రిటిష్ ప్రజలను పది పౌన్లకే ఓడ ఎక్కించింది. పిల్లలకు అదీ లేదు. ఆ అవకాశం మన బోటి వారికి కాదు సుమా! తెల్లవారికే. పది లక్షల మందికి పైగా ఆ దారిన పోయారు. టిక్కెట్టు ధర పది పౌన్లే గాని, రెండేళ్ళు నిండకుండా తిరిగి వస్తామంటే పోయిన దారి ఖర్చు అంతా కట్టి, వచ్చే దారి ఖర్చు కూడా పెట్టుకోవాలి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, ఖర్చంతా కొసరులోనే దాగి ఉన్నది. అయినా పోయినవారిలో సుమారు నాలుగో వంతు తిరిగి వచ్చేశారు. వారిలోనూ చాలామంది మనసు మార్చుకుని మళ్ళీ ఓడ ఎక్కారు!

ఈ కథనే బి.బి.సి. వారు 2023లో ‘టెన్ పౌండ్ పామ్స్’ అనే ధారావాహికగా తీశారు. పామ్ అంటే ఆస్ట్రేలియావారు బ్రిటిష్ వారికి పెట్టిన ఎగతాళి పేరు. 1956లో ఇంగ్లండు నుంచి పోయిన ఒక కుటుంబానికి దొరికేది ప్రకటనల్లోని ఎండ కాసే ఇల్లు కాదు, రేకుల కొట్టం వంటి వసతి. అది కల్పిత కథే. అయినా బ్రతుకు ఖర్చు విషయంలో, ధరల పట్టికలు చూపే కార్యక్రమాల కన్నా ఆ కథే నిజానికి దగ్గరగా ఉన్నదని నాకు తోస్తుంది. ఎందుచేతనంటే అది వారంతో ఆగదు. దిగిన తరువాత ఏమైందన్నదే దాని కథ.

ఇక వారంలో బొత్తిగా కనబడని ఖర్చు ఒకటి చెబుతాను. గుమాస్తాగిరీ చేసేవాడిని గనుక నా చూపు ఎప్పుడూ పింఛను మీదికి పోతుంది. బ్రిటిష్ ప్రభుత్వ పింఛను సొంత దేశంలో ఉన్నవారికి ఏటేటా పెరుగుతుంది. అమెరికాలోనో, స్పెయిన్‌లోనో స్థిరపడినవారికీ పెరుగుతుంది. కాని ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా దేశాలలో స్థిరపడినవారికి మాత్రం మొదట ఎంత ఉన్నదో అంతే. 2000 ఏప్రిల్‌లో పూర్తి ప్రాథమిక పింఛను వారానికి 67 పౌన్ల 50 పెన్నీలు. 2025 ఏప్రిల్‌కు అదే పింఛను స్వదేశంలో 176 పౌన్ల 45 పెన్నీలైంది. ఆస్ట్రేలియాలో ఆనాటి నుంచీ పింఛను తీసుకుంటున్న ముసలాయనకు ఇంకా ఆ 67 పౌన్ల 50 పెన్నీలే. ఇట్లా పింఛను గడ్డకట్టిపోయినవారు సుమారు నాలుగున్నర లక్షల మంది. నలభై ఏళ్ళ వయసులో వారం రోజులు సముద్రపు ఒడ్డున ఇళ్ళు చూసినవారికి ఈ లెక్క తగిలేది డెబ్బై ఏళ్ళ వయసులో.

ఆ జాబితాలో మన దేశమూ ఉన్నది. 2016లో బి.బి.సి. వారు పేరు పొందిన పెద్దవాళ్ళను కొందరిని జయపురానికి తీసుకువచ్చి, విశ్రాంత జీవితం గడపడానికి ఇండియా బాగుంటుందా అని ‘ది రియల్ మారిగోల్డ్ హోటల్’ తీశారు. మరుసటి ఏడు కొచ్చికి వచ్చారు. వచ్చినవారికి ఇక్కడ చాలా వస్తువులు చౌకగానే ఉంటాయి. కాని పెరగని పింఛనుతో పెరిగే ధరల నడుమ పాతికేళ్ళు నెగ్గుకురావడం ఎట్లాగో, కొన్ని వారాలు ఉండిపోయేవారు చూపించడం సాధ్యం కాదు గదా!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. మన పిల్లలు చూసేది బి.బి.సి. కాదు. చేతిలోని ఫోనులో, అక్కడ చదువుకుంటున్న కుర్రవాళ్ళు తీసిన వీడియోలు. గది చూపిస్తారు, మంచు చూపిస్తారు, అంగడిలో పాల ధర చూపిస్తారు. “గంట పని చేస్తే ఇంత” అంటారు. ఆ మాట అబద్ధం కాదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ 21 ఏళ్ళు దాటినవారికి కనీస కూలి గంటకు 12 పౌన్ల 21 పెన్నీలు. మన రూపాయల్లోకి మార్చి చూస్తే ఎవరికైనా నోరూరుతుంది.

మా వీధిలో వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ మనుమడి కాగితాలు చదివించుకోవడానికి నా దగ్గరికి వచ్చి, “ఏమప్పా, వాడు చదువుకుంటానే పని చేసి అప్పు తీర్చేస్తానంటాడే, తీరదా?” అని అడిగింది.

“కాగితం మీద వేసి చూస్తాం, ఉండు పెద్దమ్మా” అన్నాను.

వేసిన లెక్క ఇది. డిగ్రీ చదివే పరదేశ విద్యార్థి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఒక్క గంట కూడా పోకుండా పని దొరికినా వారానికి 244 పౌన్ల 20 పెన్నీలు. నెలకు సగటున 1,058 పౌన్లు. లండను వెలుపల ఉండే విద్యార్థి తిండికీ బసకూ నెలకు 1,136 పౌన్లు చూపాలని అక్కడి ప్రభుత్వమే 2025 జనవరిలో నిర్ణయించింది. లండనులోనైతే 1,483. ఆ తరువాత అవీ పెరిగినవి. అంటే కూలి అంతా బాడుగకూ తిండికీ చాలనే చాలదు. సెలవుల్లో ఎక్కువ గంటలు చేయనిస్తారు, నిజమే. దానితో ఈ లోటు పూడవచ్చు. కాని కాలేజీ జీతం ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. వైద్యం కోసం విద్యార్థి ఏడాదికి 776 పౌన్ల చొప్పున వీసాతో పాటు ముందే కట్టే రుసుమూ రాలేదు. ఇంటి మీద తెచ్చిన అప్పుకు వడ్డీ మాట సరేసరి.

పెద్దమ్మ కాసేపు కాగితం వంక చూసి, “అయితే వాడు పోకూడదంటావా?” అన్నది.

“పోవద్దని కాదు పెద్దమ్మా. చదువైన తరువాత మంచి ఉద్యోగం దొరికితే అప్పు తీరుతుంది. దొరకడానికి ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది వడ్డీ ఎవరు కట్టేదని ఇప్పుడే అనుకోండి. పిల్లవాడు సంపాదిస్తాడని కాక, ఇక్కడ మీరు కట్టగలరా అని చూసుకుని ఇల్లు తాకట్టు పెట్టండి” అన్నాను.

పోయినవారు బాగుపడలేదని నేను అనడం లేదు. బాగుపడి, ఇక్కడ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసినవారు మన సంఘంలోనే ఉన్నారు. ఇంటింటికీ లెక్క వేరు అనే నా మాట. తండ్రికి పింఛను వచ్చే ఇంటి కుర్రవాడికీ, పొలం అమ్మిన ఇంటి కుర్రవాడికీ అంగడిలో పాల ధర ఒకటే. బ్రతుకు ఖర్చు మాత్రం ఒకటి కాదు. టెలివిజన్‌కు మన ఇంటి అప్పు తెలియదు, తెలుసుకోవలసిన పనీ దానికి లేదు. చెప్పవచ్చునో లేదో గాని, ఇంగ్లండులో ఆ టెలివిజన్ చూడడానికి కూడా ఇంటికి లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174 పౌన్ల 50 పెన్నీలు!

కనుక పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు, అక్కడ ఇప్పటికే ఉన్నవారిని “ఎట్లా ఉంది?” అని అడగవద్దు. బాగుందనే చెబుతారు. రెండవ ఏడు ఒక నెల జమాఖర్చు రాసి పంపమనండి. బాడుగ ఎంత, ఎందరు కలిసి ఉంటున్నారు, చలికాలంలో కరెంటు బిల్లు ఎంత, పని లేని వారాలు ఎన్ని, ఇంటికి పంపినది ఎంత, ఇంటి నుంచి తెప్పించుకున్నది ఎంత. ఈ ఆరు ప్రశ్నలు చాలు. అట్లాంటి చిట్టా మన కుటుంబాల్లో ఎవరి దగ్గర ఉన్నా, పేరూ ఊరూ తీసివేసి సంఘం కార్యాలయానికి పంపండి. ఈ పేజీలో ప్రకటిస్తాము. వచ్చే ఏడు విమానం ఎక్కబోయే పిల్లల ఇళ్ళలో దానిని ముందు పెట్టుకుని కూర్చుంటారు.