కంది సాలు

అనంతపురం ఎర్రనేలల్లో శెనక్కాయ విత్తే రైతు నడుమనడుమ కంది సాలు వేస్తాడు. ఏడు సాళ్లకొకటి వేయమంటారు వ్యవసాయాధికారులు. పదకొండుకొకటి వేసేవాళ్లూ ఉన్నారు. శెనక్కాయ నాలుగు నెలల పంట. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేసిందా, కాయ లొట్టపోతుంది. కందికి ఆ తొందర లేదు. వేరు లోతుకు దిగి కాచుకుంటుంది, అక్టోబరు వాన అందితే తేరుకుని పూస్తుంది. నిండు కరువైతే కందీ ఎండుతుంది, అది వేరే సంగతి. వానలు బాగా కురిసిన ఏడు మాత్రం ఆ సాలు దండగనిపిస్తుంది. అక్కడా శెనక్కాయే వేసుంటే ఇంకో మూట వచ్చేదే. ఆ మూటే చెడ్డ ఏటికి ముందుగా కట్టిన కిస్తీ.

పెట్టుబడుల సలహాదారులు డైవర్సిఫికేషన్ అని నోరు తిరగని మాటతో చెప్పేది ఈ కంది సాలు గురించే. మనవాళ్లు సగమే విన్నారు. మొన్నొక మిత్రుడు ఆరు మ్యూచువల్ ఫండ్లు కొన్నానని ధీమాగా చెప్పాడు. తీరా చూస్తే ఆరింట్లోనూ అవే పెద్ద బ్యాంకులు, అవే ఐటీ కంపెనీలు. ఆరు సంచులు కుట్టించి అన్నింట్లో శెనక్కాయలే నింపాడన్నమాట.

డైవర్సిఫికేషన్ అన్న మాటను అడ్డం పెట్టుకున్న ఘనులూ ఉన్నారు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామంది. ఐటీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వేరే రంగాల్లోకీ వెళ్తున్నామని సాకు. ఆ రెండూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. ఇంగ్లిషు అక్షరాల్లో సత్యాన్ని తిరగేస్తే వచ్చేదే మేటాస్! మదుపరులు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. సత్యం లెక్కల్లో దొంగగా చూపిన లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి అదే చివరి ప్రయత్నమని జనవరి 7న రాజే లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది. జీతమూ అక్కడే, దాచుకున్న షేర్లూ అక్కడే అయిన ఉద్యోగికి రెండింటికీ ఒకేసారి ఎసరొచ్చింది.

ఫండ్లు ఏయే కంపెనీల్లో డబ్బు పెట్టాయో నెలనెలా బయటపెడతాయి. ఈ ఆదివారం మీ ఫండ్ల జాబితాలు ముందేసుకుని, ఒక్కోదాంట్లో మొదటి పది పేర్లు చదవండి. మీకు జీతమిచ్చే కంపెనీ పేరు కూడా అందులో ఉందేమో చూసుకోండి.