ఆపేసిన ఉత్తరం

ఈ సంచికకు వచ్చిన ఒక ఉత్తరాన్ని మేము వేయలేదు. కారణం సభ్యులకు చెప్పాలి.

మొదటి పేజీలో మన సంఘం కిందటి ఉగాది సంబరాల మీద సూటి ప్రశ్నలున్నాయి. హాలు అద్దె ఎంత? భోజనాలకు ఎంతయింది? సర్వసభ్య సమావేశంలో లెక్కలు ఎందుకు పెట్టలేదు? రెండో పేజీ నిండా ఒక మాజీ కార్యవర్గ సభ్యుడి కులం గురించి, ఇంట్లో ఆడవాళ్ల గురించి రాతలు. మొదటి పేజీ వేస్తాం, రెండోది తీసేయండి అన్నాం. రాసినాయన ఒప్పుకోలేదు, తన స్వేచ్ఛను నొక్కేస్తున్నారన్నారు. ఇంకోపక్క పెద్దలు కొందరు ఫోన్ చేసి, మన పరువు మనమే తీసుకోవడమెందుకు, మొత్తం వదిలేయమన్నారు. మాకు ఎక్కువ కష్టం కలిగించింది ఈ మాటే. లెక్క అడిగితే పరువెలా పోతుంది?

మనముంటున్న అమెరికాలో 1964లో సలివన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వాధికారి పనిని విమర్శించినవాళ్లు చిన్న పొరపాట్లు చేసినా, అబద్ధమని తెలిసి రాశారనో, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోలేదనో రుజువైతే తప్ప పరువు నష్టం కింద పరిహారం రాదంది. అధికారంలో ఉన్నవాళ్లను భయం లేకుండా ప్రశ్నించడానికి ఇచ్చిన రక్షణ అది.

పదునైన విమర్శకు ఉదాహరణగా మన భాషలో గిడుగు రామమూర్తి పంతులు గారున్నారు. వాడుక భాష కోసం జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులతో ఏళ్ల తరబడి తలపడ్డారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అన్న ఆయన రచన పేరులోనే ఎంత పదునుందో చూడండి. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. మెతకగా ఏమీ రాయలేదు. అయితే సందేహమున్న ఎవరైనా ఆ పుస్తకాలు తెరిచి చూసుకోవచ్చు, తప్పు కాదనుకుంటే వాదించవచ్చు. ఫలానా కులంలో పుట్టావన్న నిందకు ఏ మనిషైనా ఏమని జవాబు చెప్పుకుంటాడు?

అందుకే రెండో పేజీ ఈ పత్రికలో రాదు. మొదటి పేజీలోని ప్రశ్నలను మాత్రం మేమే లిఖితపూర్వకంగా కార్యవర్గానికి పంపాం. వచ్చే సంచికలో రెండు పేజీలు ఇందుకే ఉంచుతున్నాం: ఒకటి లెక్కలకు, ఒకటి మీ ప్రశ్నలకు. ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే వారి జవాబు కూడా అదే సంచికలో వేస్తాం. సంతకం చేసి రాయండి.