గంటకు 60 డాలర్లు... చేతిలో మిగిలేదెంత?

తల్లో తండ్రో బిడ్డను ఒంటరిగా కలవడం క్షేమం కాదని అమెరికాలో కోర్టుకు అనిపిస్తే, మూడో మనిషి ఎదుటే కలవాలని ఉత్తర్వు ఇస్తుంది. ఆ మూడో మనిషిని కాలిఫోర్నియాలో చాలామంది మానిటర్ అంటారు. బంధువులు, స్నేహితులు ఉచితంగా ఈ పని చేసే కేసులూ ఉన్నాయి. ఫీజు తీసుకుని చేసేవాళ్లకు గంటకు 50 నుంచి 100 డాలర్ల దాకా ముట్టడం అక్కడ మామూలే. ఈ అంకె చూసి, వారానికి నలభై గంటలు పనిచేస్తే ఏడాదికి లక్ష డాలర్లు ఎక్కడికీ పోవని ఆశపడేవాళ్లున్నారు. ఆ లెక్కలో మొదటి తప్పు నలభై గంటలు.

పిల్లలు బడికి వెళతారు, పెద్దవాళ్లు ఉద్యోగాలకు వెళతారు. కలుసుకోవడానికి మిగిలేవి శని, ఆదివారాలు, ఒకటి రెండు సాయంత్రాలు. శనివారం ఉదయం పదింటికి మూడు కుటుంబాలు అడిగినా మానిటర్ ఒక్క చోటే ఉండగలరు. పైగా రెండు గంటల ఫీజు వచ్చే పని రెండు గంటల్లో తెమలదు.

పార్కులో కలిసే ఏర్పాటే చూడండి. గొడవపడిన దంపతులు ఎదురుపడకుండా ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా చూడాలి, కాబట్టి మానిటర్ ముందే చేరుకోవాలి. తండ్రి ఊయల ఊపుతుంటే మాట వినబడేంత దూరంలోనే ఉండాలి. లైంగిక వేధింపుల ఆరోపణ ఉన్న కేసైతే, కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, చెవిలో గుసగుసలు, చేతి సైగలు, కానుకలు ఏవీ సాగనివ్వకూడదు. ఇంటికొచ్చాక తేదీ, సమయం, ఎవరెవరు వచ్చారు, ఏం చేశారు, ఎక్కడ అడ్డుపడాల్సి వచ్చింది, అన్నీ రాసిపెట్టాలి. చూసింది రాయాలే తప్ప, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న సలహా ఇవ్వకూడదు. ప్రయాణం, ఎదురుచూపు, రాతపని కలిపితే ఒక్కో సందర్శనకు నాలుగు గంటలు పడుతుంది. చాలామంది అందులో రెండు గంటలకే బిల్లు వేయగలుగుతారు.

ఒక ఊహా లెక్క వేద్దాం. గంటకు 60 డాలర్ల చొప్పున వారానికి ఆరు సందర్శనలు కుదిరాయనుకుందాం. ఒకటి రద్దవుతుంది: బిడ్డకు జ్వరమో, తండ్రి రాకపోవడమో. మిగిలిన అయిదింటికి పది గంటలు, 600 డాలర్లు. ఏడాదికి 50 వారాలు వేసుకుంటే 30 వేలు. బీమా, పెట్రోలు, ఫోను, శిక్షణ కలిపి 6 వేలు పోతే 24 వేలు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం. అది కట్టాక 20 వేల డాలర్లకు పైగా మిగులుతాయి. పెట్టిన శ్రమ వెయ్యి గంటలు. అంటే గంటకు 20 డాలర్ల పైచిలుకు, అదీ ఆదాయ పన్ను కట్టకముందు. 2025లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు.

ఇది పని బాగా కుదురుకున్నాక మాట. 24 గంటల శిక్షణ, వేలిముద్రల తనిఖీ అయ్యాక కూడా లాయర్లకు పేరు తెలియడానికి నెలలు పడుతుంది. మొదటి ఏడాది ఇందులో సగం వచ్చినా సంతోషించాలి. ఇంకో చిక్కుంది. ఈ సందర్శనలు చాలావరకు తాత్కాలికం. తండ్రీబిడ్డల మధ్య నమ్మకం కుదిరితే కోర్టు మానిటర్‌ను తీసేస్తుంది. పని సవ్యంగా సాగితే క్లయింటు వెళ్లిపోవడమే అక్కడ శుభవార్త.

ఆదాయం మీద అత్యాశ ఈ పనిలో ప్రమాదకరం కూడా. 2012 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక తండ్రి, వెంట వచ్చిన పర్యవేక్షకురాలి మొహం మీదే తలుపు వేసి, ఇద్దరు కొడుకులతో సహా ఇంటికి నిప్పంటించుకున్నాడు. 2020లో జ్యూరీ రాష్ట్ర సాంఘిక సేవల శాఖ నిర్లక్ష్యాన్ని తప్పుపట్టి, 9.8 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. ఇంత బరువున్న పనిలో బీమా ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం తెలివితక్కువతనం. తేడాగా అనిపించిన కేసును వద్దనగలగాలి, సందర్శనను మధ్యలో ఆపేయగలగాలి. ఈ నెల ఇంటి అద్దె ఆ ఫీజుతోనే కట్టాల్సిన మనిషికి అంత గట్టిగా నిలబడటం కష్టం.

కాలిఫోర్నియాలోని తెలుగువారికి ఇందులో ఒక అవకాశం ఉంది. మానిటర్‌కు బిడ్డను కలిసే తల్లి లేదా తండ్రి భాష, బిడ్డ భాష రావాలని, రాకపోతే తటస్థ దుబాసీని పెట్టుకోవాలని అక్కడి నిబంధన. అమ్మమ్మ ఫోన్లో ఏమందో తెలుగులో చెప్పే బిడ్డ మాట నేరుగా అర్థమయ్యే మనిషి విలువ చిన్నది కాదు. అయితే అలాంటి కేసులు నెలనెలా వస్తాయని లెక్కవేసుకుంటే నష్టపోతారు. పైగా సమాజం చిన్నది, అందరూ తెలిసినవాళ్లే. తెలిసిన ఇంటి కేసు తీసుకోకపోవడమే ధర్మం.

ఫీజు కట్టలేక బిడ్డను చూడటమే మానుకునే తల్లిదండ్రుల సంగతీ చూడాలి. ఇలాంటి సేవల కోసం 1996 నాటి ఒక చట్టం కింద అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చేది దేశమంతటికీ కలిపి కోటి డాలర్లే. ఈ మొత్తం పెరగాలి. మానిటర్‌కు న్యాయమైన ఫీజు, పేద తండ్రికి బిడ్డను చూసే వీలు రెండూ దక్కాలంటే వేరే దారి లేదు. ఈలోగా ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు చేతిలో ఉన్న ఉద్యోగం వదలకుండా వారాంతాలతో మొదలుపెట్టాలి. కనీసం రెండేళ్లపాటు దీన్ని అదనపు ఆదాయంగానే చూసుకోవాలి.