క్యాట్ కష్టమా, జాట్ కష్టమా?

మా ఇంట్లో మూడు నెలలుగా ఇదే గోల. రెండిటి ఫీజులూ కలిపితే నాలుగు వేలు దాటుతోంది కాబట్టి, ఏది తేలికో చూసి ఒక్కటే రాయమంటారు ఈయన. ఐసెట్ మాటెత్తితే అమ్మాయికి నామోషీ. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పు రాసినా మార్కులు కొయ్యరు, నిజమే. కానీ మంచి ర్యాంకు అందరికీ రాదు కదా!

క్యాట్‌లో మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఇంగ్లీషులో మిగిలిన టైము లెక్కలకి వాడుకోనివ్వరు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు పోతుంది. లెక్కలైతే కోచింగులో నేర్పుతారు. జాట్‌లో మాత్రం నిర్ణయాలు తీసుకోవడం మీదే ఒక విభాగం ఉంది. ఇద్దరు ఉద్యోగులు తగాదా పడితే మేనేజరు ఏం చెయ్యాలి, ఇలాంటివి. ఐదు జవాబులూ సబబుగానే కనిపిస్తాయి. ఇరవై ఏళ్లు ఉమ్మడి కుటుంబంలో నెగ్గుకొచ్చిన నాకే సగం తప్పాయి. నా లెక్కలో జాటే కష్టం.

అలాగని మానెయ్యమనను. క్యాట్ నవంబరులో, జాట్ జనవరిలో. ఒక్క ఆదివారం తలనొప్పి వస్తే పిల్ల ఏడాదంతా పోవాలా? రెండూ రాయమన్నాను. ఫీజు సంగతి ఈయనతో ఇంకా మాట్లాడాలి.