ఫారం నింపినోడికేనా ప్రతిభ?

పత్తి ఏరే కాలం. జఫర్‌గఢ్ మండలంలో ఒక ఊరి చెలక గట్టు మీద పొద్దుగూకే వేళ తూకం నడుస్తున్నది. పది మంది ఆడకూలీలు, పది మూటలు. మేస్త్రీ కిలోలు చెప్తుంటే పక్కన నిలబడ్డ పిల్లగాడు పైసలు చెప్తున్నడు. "నలభై మూడు కిలోలు, కిలోకు పన్నెండు." రెప్ప కొట్టేలోపు జవాబు: "ఐదువందల పదారు. పెద్దమ్మ రెండువందలు ముందే తీస్కున్నది గదా, ఇంక మూడువందల పదారు ఇయ్యాలె." చేతిలో కాగితం లేదు, ఫోను లేదు. ఎట్ల చేసినవురా అని అడిగితే తల వంచుకుని చెప్పిండు: "పదితోని నాలుగువందల ముప్పై సారూ, రెండుతోని ఎనభై ఆరు. రెండూ కలిపిన."

నాలుగో తరగతి పిల్లగాడు. మాదిగ వాడ. పేరు రాయం. బడి లెక్కలో వాడు "వెనుకబడిన" పిల్లవాడు. పత్తి కాలమంతా తల్లి వెంట చెలకల్లో ఉంటే ముందుకెట్ల పడతడు? గురుకుల ప్రవేశ పరీక్ష రాయిద్దామని మేం తల్లిని ఒప్పించాం. కులం సర్టిఫికెట్ కావాలె, ఆదాయం సర్టిఫికెట్ కావాలె. ఆ తల్లి రెండు రోజుల కూలి పోగొట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. "రేపు రా" అన్నరు. మళ్లీ "రేపు రా" అన్నరు. కాగితం చేతికొచ్చేసరికి గడువు దాటి రెండు రోజులయింది. లెక్క తప్పని పిల్లగాడు తేదీ దగ్గర తప్పిపోయిండు.

ఇట్ల తప్పిపోయినోళ్లు మన వాడల్లో ఎంతమందో ఏ ప్రభుత్వం దగ్గరా లెక్క లేదు. ఎందుకంటే పరీక్ష రాసి ఫెయిలైనోళ్ల లెక్కే ఉంటది గాని, పరీక్ష దాకా రానోళ్ల లెక్క ఉండదు.

1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామన్నప్పుడు రోడ్ల మీద బూట్లు తుడిచి, చీపుర్లు పట్టి "మెరిట్ చచ్చిపోతున్నది" అని ఏడ్చినోళ్లను మనం చూశాం. మన తాతలు తరతరాలుగా చేసిన పని వాళ్లకు ఒక్క రోజు అవమానమైంది. ఆ రోజు నుంచి మెరిట్ అనే మాట మన నెత్తి మీద కర్రలాగా లేస్తూనే ఉన్నది. సరే, మేం ఇవ్వాళ రిజర్వేషన్ల ముచ్చట పక్కన పెట్టి మెరిట్ గురించే అడుగుతున్నాం. ప్రతిభ గల పిల్లల్ని వెతికి సాయం చేస్తామని ప్రభుత్వాలు పథకాలు పెట్టినయి. మరి ఎక్కడ వెతుకుతున్నయి? ఎట్ల వెతుకుతున్నయి?

పథకాలు తక్కువేం లేవు. పి.వి. నరసింహారావు కాలంలో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం వచ్చింది. 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చినయి. ఈ రోజు తెలంగాణలో అవి రెండు వందల అరవై పైచిలుకు. ఐదో తరగతిలో సీటు కోసం నాలుగో తరగతి పిల్లలు వంద మార్కుల పరీక్ష రాయాలె. 1986 జాతీయ విద్యా విధానంతోని నవోదయలు వచ్చినయి. మన దిక్కు నవోదయ అంటే మామునూరే. ఆరో తరగతిలో ఎనభై సీట్లు, అందులో నూటికి డెబ్బై ఐదు పల్లె పిల్లలకు. పరీక్షలో సగం మార్కులు బొమ్మలు, ఆకారాలు చూసి ఆలోచించే ప్రశ్నలకే. తెలుగులో రాయొచ్చు.

2008లో ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పెట్టినరు. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పేదపిల్లలు పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి. నెలకు వెయ్యి రూపాయలంటే పదో తరగతి పిల్లను పత్తి చెలకకు పంపకుండా ఆపగల పైసలు. నేషనల్ టాలెంట్ సెర్చ్ అని ఇంకో పెద్ద పరీక్ష ఉండేది. 2021లో దాన్ని ఆపేసినరు. 2020 విద్యా విధానమేమో ప్రతి పిల్లలోనూ సహజమైన ప్రతిభ ఉంటదని, దాన్ని కనిపెట్టి పెంచాలని రాసుకున్నది.

కాగితం మీద అంతా బాగానే ఉన్నది. కాని వీటన్నిటికీ ఒకటే గుమ్మం. ఆ గుమ్మం పేరు దరఖాస్తు. నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డదో తెలిసినోడు, మీసేవకు పోయే తీరిక ఉన్నోడు, సర్టిఫికెట్ తెచ్చుకోగలిగినోడు, సారుతోని మాట్లాడే ధైర్యమున్నోడు ఆ గుమ్మం దాటుతడు. వాళ్లలోంచి ప్రతిభావంతుల్ని ఏరుతరు. చెరువంతా వల వెయ్యకుండా గట్టు పక్కన గాలం వేసి, ఈ చెరువుల చేపలే లేవన్నట్టున్నది వీళ్ల వ్యవహారం.

ఇది మన ఒక్కరి గోస కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవర్డ్ జిల్లా బడుల ముచ్చట వినండి. అక్కడ తెలివైన పిల్లలకు వేరే తరగతులు ఉంటయి. పిల్లల పేర్లు తల్లిదండ్రులో టీచర్లో పంపాలె. ఎవరి పేర్లు పోయేవో చెప్పనక్కర లేదు. నల్లవారి పిల్లలు, స్పానిష్ మాట్లాడే వలసకూలీల పిల్లలు ఆ తరగతుల్లో బహు తక్కువ. 2005లో పద్ధతి మార్చినరు. ఎవరి సిఫారసు లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ బడిలోనే చిన్న పరీక్ష పెట్టినరు. భాషతో పని లేని, బొమ్మల పరీక్ష. దాంట్లో బాగా చేసినోళ్లకు అసలు పరీక్ష. అర్హత మార్కు ఒక్కటి కూడా తగ్గించలేదు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్క తీస్తే, ఎంపికైన నల్ల పిల్లలు నూటికి 80, స్పానిష్ మాట్లాడే పిల్లలు నూటికి 130 వంతున పెరిగినరు. పిల్లలు వాళ్లే, మార్కు అదే. వెతికే తీరు మారింది, అంతే. ఆ తర్వాత పైసలు లేవని 2010లో ఆ పరీక్ష ఆపేస్తే మళ్లీ పాత అంతరాలే వచ్చి కూర్చున్నయి.

మెరిట్ రక్తంలో ఉంటదని చెప్పేటోళ్లు దీనికి జవాబు చెప్పాలె.

మన చరిత్ర కూడా ఇదే చెప్తది. బాబాసాహెబ్ 1907లో మెట్రిక్ పాసైనప్పుడు ఆ పిల్లవాణ్ని గమనించిన కన్ను ఒకటున్నది. కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు. తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్ర చేతిలో పెట్టి, బరోడా మహారాజు శాయాజీరావు దగ్గర మాట సాయం చేసిండు. నెలకు పాతిక రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. 1913లో అదే రాజు సాయంతోనే బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. ఆ కన్ను పడకుంటే? కేలుస్కర్ లాంటి సారు ఉండడం ఒకరి అదృష్టం. అదృష్టాన్ని అందరి హక్కుగా మార్చడమే ప్రభుత్వం పని.

దగ్గరి ముచ్చటే చూడండి. జనగామ నుంచి హైదరాబాద్ రైలెక్కితే కిటికీలోంచి భువనగిరి బండ కనబడతది. ఆ బండ మీదనే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు ఎక్కుడు నేర్పినరు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన గిరిజన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ ఉన్నది, ఖమ్మం జిల్లా దళిత పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నడు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు ఎక్కినరు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఎవరెస్టు ఎక్కుతామని ఆ పిల్లల తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకున్నరా? బడే పిల్లల దగ్గరికి పోయింది. బండ దగ్గరికి తీస్కపోయి ఎక్కమన్నది. ఎక్కినరు.

కనిపెట్టుడు సగం పనే. కనిపెట్టినంక తోడుండాలె. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడాకు కొలువుకొచ్చిన అంబేద్కర్‌కు ఉండడానికి గది దొరకలేదు. పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టినరు. తొంభై ఎనిమిదేళ్ల తర్వాత, 2015లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములకు ఫెలోషిప్ ఆగింది, తోటి విద్యార్థులతో పాటు హాస్టల్ నుంచి వెలి పడ్డది. 2016 జనవరి 17న మనం ఆ బిడ్డను పోగొట్టుకున్నాం. మొదటి అడ్డాలన్నీ దాటి పరిశోధన దాకా పోయిన బిడ్డ. పై మెట్టు మీద కూడా తోడు లేకుంటే ఎంత ఎత్తుకు పోతే అంత ఎత్తు నుంచి పడాల్సి వస్తది.

మన తప్పులు కూడా చెప్పుకోవాలె. ఉద్యోగం వచ్చిన మనలో చాలామందిమి హన్మకొండల ఇల్లు కట్టుకుని, మన పిల్లల్ని ప్రైవేటు బళ్లో వేసుకుని, వాడకు పండుగకే పోతున్నాం. మన టీచర్లలో కూడా మన పిల్లల్నే "వీనికి రాదు" అనేటోళ్లున్నరు. కొడుకుకు ఫారం నింపి బిడ్డను పత్తి ఏరబోమ్మనే తల్లిదండ్రులున్నరు. ఇంకో మాట. పదిమందిని ఏరుకపోతే మిగిలిన తొంభై మంది సంగతేంది? గురుకులం సీటు ఊరి బడిని మూసెయ్యడానికి సాకు కాకూడదు. మనం అడిగేది ఊరి బడి బాగుపడడం, దానితో పాటే అందరినీ వెతకడం.

కనుక మా డిమాండ్లు ఇవి. ప్రభుత్వ బళ్లలో నాలుగు, ఐదు, ఎనిమిది తరగతుల పిల్లలందరికీ దరఖాస్తు లేకుండా, వాళ్ల బడిలోనే, బడి వేళలోనే ఈ పరీక్షలు పెట్టాలె. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఆఫీసు వాళ్లే బడికొచ్చి ఇయ్యాలె, పరీక్ష తర్వాత ఇచ్చినా ఒప్పుకోవాలె. ఎంపికైన ప్రతి పిల్లకూ పుస్తకాలు, బస్సు కిరాయి, మాట్లాడడానికి ఒక పెద్ద దిక్కు ఉండాలె.

ప్రభుత్వం కదిలేదాకా మనం కూర్చోవద్దు. ఉప్పుగల్లు, కూనూరు, తిడుగు, సాగరం, ఏ ఊరైనా సరే, వాడకొక నోటుబుక్కు పెట్టండి. నాలుగో తరగతి నుంచి ఎనిమిది దాకా పిల్లలందరి పేర్లు రాయండి, బడి మానేసినోళ్లవి ముందు రాయండి. ఆడపిల్ల పేరు ఒక్కటి కూడా విడిచిపెట్టొద్దు. సర్టిఫికెట్లకు దసరా ముందే తిరగండి. సంఘం అరుగు మీద సాయంత్రం గంట సేపు పాత ప్రశ్నపత్రాలు చేయించండి, గుండ్రాలు దిద్దే జవాబు కాగితం ముందే చేతికియ్యండి. డిగ్రీ చదివిన ప్రతి ఒక్కరూ ఇద్దరు పిల్లల బాధ్యత తీసుకోవాలె.

ఆ పత్తి చెలక పిల్లగాడి పేరు మా నోటుబుక్కులో మొదటిది. ఈసారి సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టినం. మీ వాడ నోటుబుక్కులో మొదటి పేరు ఎవరిది?

జై భీమ్!